ఆకులు కాల్చొద్దు, మట్టిని కప్పొద్దు

ఎండాకులు తగలబెట్టడం, చెట్ల మొదళ్ల దాకా టైల్స్ పరచడం: మా తార్నాక వీధుల్లో ఈ రెండింటికీ శుభ్రత అని పేరు. డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పి రిటైరైన నాకు మాత్రం రెండూ నష్టం బేరాలే.

కానుగ చెట్టు కింద చిటికెడు మట్టి తీయండి. ఒక్క గ్రాములోనే కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి, అవీ వేల రకాలు. పెట్రీ డిష్‌లో పెరిగేవి వాటిలో చాలా కొద్ది. మిగతావాటి ఆనవాలు డీఎన్ఏలోనే దొరుకుతుంది. రాలిన ఆకులోని ప్రొటీన్‌ను కొన్ని కుళ్లబెట్టి అమ్మోనియా చేస్తాయి. నైట్రోసోమోనాస్ దాన్ని నైట్రైట్‌గా, నైట్రోబ్యాక్టర్ ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ మార్పులో పుట్టే శక్తితోనే బతుకుతాయి. చెట్టు వేరు పీల్చుకునే నత్రజనిలో చాలా భాగం ఈ నైట్రేటే. ఆకు కాలితే అందులోని నత్రజని చాలావరకు పొగలో పోతుంది. పైన టైల్స్ పరిస్తే కింద గాలీ నీరూ ఆడవు. గాలి ఆడని తడి మట్టిలో మరో గుంపు ఆక్సిజన్ బదులు నైట్రేట్‌నే వాడుకుని, నత్రజనిని ఆకాశానికి వదిలేస్తుంది.

తొలకరి తర్వాత ఉస్మానియా క్యాంపస్ బయళ్లకు పిల్లలను తీసుకెళ్లేవాణ్ణి. వెంపలి మొక్కను మట్టిపెళ్లతో సహా తవ్వి, వేళ్లు కడిగి, ఆవగింజంత బుడిపెను బ్లేడుతో కోసేవాళ్లం. లోపల ఎర్రగా ఉంటే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టే. "రక్తమా సార్?" అని అడిగేవారు. దాని చుట్టమే! ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. నత్రజనిని పట్టే ఎంజైమ్‌కు ఆక్సిజన్ పడదు. ఆ ఆక్సిజన్‌ను అదుపులో పెట్టేది ఈ లెగ్‌హిమోగ్లోబినే.

క్యాంపస్ మట్టి మందు కూడా ఇవ్వగలదు. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయానికి 1888లో మొదలైన శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే ప్రయోగ క్షేత్రం ఉంది. అక్కడి మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. 1948లో దాన్ని లోకానికి చెప్పింది లెడర్లీ మందుల కంపెనీలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్. ఆ కంపెనీ పరిశోధనకు సారథి మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆకులు ఉంచితే పాములు వస్తాయంటారు. వాకిట్లో ఉంచమనడం లేదు. ఓ మూల గుంత తీసి, ఆకులు వేసి, పేడనీళ్లు చల్లి, అప్పుడప్పుడు తిరగేస్తే కొన్ని నెలల్లో ఎరువు. టైల్స్ వేసేవారు చెట్టు చుట్టూ మూడడుగుల మట్టి వదిలితే చాలు.

ఉస్మానియా విశ్వవిద్యాలయానికీ ఒక మనవి. ఓ ఎకరం దున్నకుండా, కట్టకుండా, కాల్చకుండా కేటాయించండి. ఏటా వానలకు ముందూ తర్వాతా అవే చోట్ల విద్యార్థులు మట్టి తీసి పరీక్షించాలి. డీఎన్ఏ చదవడం తెలిసిన సీసీఎంబీ పరిశోధన సంస్థ పక్కనే హబ్సిగూడలో ఉంది. ముందుగా కావలసింది ఒక ఉత్తర్వు, ఒక కంచె, ఏళ్ల తరబడి నిలిచే ఒక రిజిస్టరు.