వన్నె వేరు, విలువ వేరు

మధ్యాహ్న భోజనమునందు గ్రుడ్డు వడ్డించు దినమున, తరగతికి ఇద్దరు ముగ్గురు పిల్లలైనను దానిని ముట్టక ప్రక్కవారికి ఇచ్చివేయుట మేము చూచుచున్నాము. కారణమడిగినచో, “తెల్ల గ్రుడ్డులో బలము లేదని మా అమ్మ చెప్పినదండి” అందురు. ఆ తల్లియే, బిడ్డకు జ్వరము తగ్గిన పిమ్మట, కూలిడబ్బులతో అంగడికిపోయి, గోధుమవన్నె గ్రుడ్లను హెచ్చువెల యిచ్చి తెచ్చును. ఆ హెచ్చువెల దేనికి? పెంకుమీది రంగునకు! ఈ విషయమై నాలుగు మాటలు వ్రాయుట మా విధి యని తలంచితిమి.

కోడి వన్నెలను గుర్తించుటలో తెలుగువారి చూపు మిక్కిలి నిశితమైనది. కాకి, డేగ, నెమలి, సేతువ అని పందెపుకోళ్లకు పెట్టిన పేర్లే యిందులకు సాక్ష్యము. అయితే కన్ను చూచునది పైవన్నెను మాత్రమే. ఆ కోడి తన పిల్లల కేమి యిచ్చునో కంటికి గోచరింపదు. గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలపై జరిపిన పరిశోధనలు 1866లో అచ్చయినను, 1900 వరకు లోకము వానిని పాటింపలేదు. 1902లో ఇంగ్లాండు దేశీయుడగు విలియం బేట్సన్ ఆ సూత్రములు కోళ్లయందును చెల్లునని నిరూపించెను.

ఒక్క ఉదాహరణము చాలును. నీలి అండలూసియన్ అను కోడిజాతి కలదు. పేరునకు నీలియే గాని దాని వన్నె పలకరాతి వన్నె. పెంపకందారులు నీలిపుంజును నీలిపెట్టతో జతగూర్చి, పుట్టిన పిల్లలలో నల్లనివానిని, మచ్చల తెల్లనివానిని ఏరివేయుచు, నీలిపిల్లలు మాత్రమే పుట్టు శుద్ధవంశమునకై శ్రమించిరి. శ్రమ ఫలింపలేదు. ఏలయనగా, నలుపును పలుచన చేయు జన్యువు తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే వచ్చిన పిల్ల నీలిది. ఇరువురినుండియు వచ్చినది మచ్చల తెల్లనిది. ఎవరినుండియు రానిది నల్లనిది. కావున సగటున నాలుగింట రెండే నీలివగును. వారు పనికిరావని ఏరివేసిన నల్లదానిని, తెల్లదానిని జతగూర్చియుండినచో పిల్లలన్నియు నీలివే అయియుండెడివి!

తెలుపును అంతే. తెల్ల లెగ్‌హార్న్ కోడి యీకల తెలుపు ప్రబలమైనది. తనలోని తక్కిన రంగులను కప్పివేయును. తెల్ల ప్లిమత్ రాక్ కోడి తెలుపు వేరొక జన్యువువలన కలిగినది. అది ఇరువైపులనుండి వచ్చిననే గాని బయటపడదు. ఈ రెండు తెల్లజాతులను కలిపినచో, మనుమల తరమున పదునారింట మూడు రంగుకోళ్లు పుట్టును. అంతకంటె వింత యేమనగా, ఈ రెండు తెల్లకోళ్లలో లెగ్‌హార్న్ తెల్లగ్రుడ్డును, ప్లిమత్ రాక్ గోధుమవన్నె గ్రుడ్డును పెట్టును. మధ్యప్రదేశమునందలి ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ కోడికి ఈకలే కాదు, చర్మమును మాంసమును నల్లనివే. అయినను అది నల్లగ్రుడ్డు పెట్టదు. మీగడ చాయ గ్రుడ్డునే పెట్టును. ఈకల వన్నెను బట్టి గ్రుడ్డు వన్నెను చెప్పజాలము.

ఇక పెంకు సంగతి. గ్రుడ్డు కోడి కడుపులో నుండగా, దానిచుట్టు పెంకు కట్టుటకు సుమారు ఇరువది గంటలు పట్టును. గోధుమవన్నె తుదిగంటలలోనే హెచ్చుగ పైన పూయబడును. అందువలననే అట్టి పెంకు లోపలివైపు వెలవెలబోయి యుండును. దక్షిణ అమెరికాకు చెందిన అరౌకానా కోడి పెట్టు నీలిగ్రుడ్డు పెంకు మాత్రము లోపలను నీలిగానే యుండును. ఆ నీలి జన్యువు ప్రబలమని 1933లో పన్నెట్ తెలిపెను. గోధుమవన్నెకు కారణము ఒక్క జన్యువు కాదు, పెక్కు జన్యువులు. కావుననే తెల్లగ్రుడ్డు జాతిని గోధుమగ్రుడ్డు జాతితో కలిపినచో నడిమి చాయలు వచ్చును. పుంజు గ్రుడ్డు పెట్టదు గాని, తన కూతుళ్ల గ్రుడ్ల వన్నెలో దానికిని సమభాగము కలదు.

ఇట్లు పెంకు వన్నె వంశమునుబట్టి వచ్చునది. లోపలి పచ్చసొన వన్నెయో, ప్రధానముగా మేతనుబట్టి వచ్చునది. ఆకుకూరలు, మొక్కజొన్నలు తిన్న కోడి సొన చిక్కని పసుపుగా నుండును. పెరటికోడి గ్రుడ్డు రుచియని చెప్పువారిని మేము తప్పుపట్టము. ఆ రుచి యున్నచో అది మేత చలువయే గాని పెంకు చలువ కాదు. షెడ్డులలో పెంచు సంకరజాతి కోళ్లును గోధుమవన్నె గ్రుడ్లు పెట్టుచున్నవి. తెల్ల లెగ్‌హార్న్‌ను పెరటిలో విడిచినను అది తెల్లగ్రుడ్డే పెట్టును. ఒకే మేత తిన్న రెండు కోళ్ల గ్రుడ్లు, ఒకటి తెలుపు, ఒకటి గోధుమ అయినను, పోషణలో చెప్పదగిన భేదము లేదు. ఏబది గ్రాముల గ్రుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు రెంటను కలవు.

హైదరాబాదునందలి కోళ్ల పరిశోధన సంస్థవారు రూపొందించిన గ్రామప్రియ కోడికి రంగు ఈకలును, గోధుమవన్నె గ్రుడ్డును కలవు. ప్రజల యిష్టమెరిగి రంగును కూర్చుట తప్పు కాదు. ఆ రంగునే బలమని భ్రమించి, పేదవాడు వెల చెల్లించుటయే తప్పు. అంతకు మించిన తప్పు, ఆకలిగొన్న పిల్లవాడు కంచములోని గ్రుడ్డును త్రోసివేయుట.

పదవ తరగతి విద్యార్థులు మెండెల్ బఠాణీలను వల్లించుచున్నారు. ఇంటి కోళ్లగూటి వంక చూచుట లేదు. పాఠశాల వెనుకటి దొడ్డిలో ఒక పుంజును, నాలుగు పెట్టలను పెంచి, తల్లి యేది, తండ్రి యేది, పిల్ల వన్నె యేది, అది పెద్దదై పెట్టిన గ్రుడ్డు వన్నె యేది అని ఒక పుస్తకమున వ్రాయించినచో, ఆ పాఠము జన్మమున మరవరు. అంతవరకు, తల్లిదండ్రుల సభ జరుగు దినమున, రెండు వన్నెల గ్రుడ్లను ఉడికించి, పెంకు లొలిచి, ఒక పళ్లెమున నుంచి, ఏది ఏ పెంకులోనిదో చెప్పుడని తల్లుల నడుగవలెనని మా మనవి.