పగటి ఎండ, రాత్రి దీపం

గత వేసవిలో ఒక మధ్యాహ్నం సౌరఫలకాలు అమ్మే యువకుడొకడు ఖుర్సీపార్‌లోని మా ఇంటికి వచ్చాడు. మేడమీది చోటు కొలిచి, కాగితం మీద అంకెలు వేసి, "ఇక మీకు కరెంటు బాధ ఉండదు" అని హిందీలో భరోసా ఇచ్చాడు.

అనువాదం నా వృత్తి. ఒక మాట రెండర్థాలిచ్చే చోట కలం ఆపడం నాకు అలవాటు. కరెంటు బాధ అంటే బిల్లు బాధా, కరెంటు పోయే బాధా?

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి, ఇక్కడే స్థిరపడిన తెలుగువారిలో మా నాన్నగారొకరు. ఇప్పుడాయనకు ఊపిరి సరిగా ఆడదు. రాత్రిళ్లు ప్రాణవాయువు అందించే యంత్రం మంచం పక్కన నడుస్తూ ఉండాలి.

"రాత్రి లైను పోతే యంత్రం నడుస్తుందా?" అని అడిగాను. అతడు కాసేపు తటపటాయించి, "బ్యాటరీ లేకపోతే నడవదండీ" అన్నాడు.

చాలామందికి తెలియని సంగతి ఇదే. బ్యాటరీ లేకుండా గ్రిడ్డుకు కలిపిన సౌరవ్యవస్థ, లైను పోగానే పట్టపగలైనా తనంతట తాను ఆగిపోతుంది. లేకుంటే మన కప్పు మీది విద్యుత్తు తీగల్లోకి ప్రవహించి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీయవచ్చు. పగటి మిగులును గ్రిడ్డుకిచ్చి రాత్రి వాడకంలో సరిచూసుకునే పద్ధతిలో గ్రిడ్డే మన గాదె. కాని ఆ గాదె తాళం మన చేతిలో ఉండదు.

కనుక లెక్కను రెండుగా విడదీశాను.

మొదటిది ఫలకాల లెక్క. ఒక కిలోవాటు ఫలకాలు రోజుకు సుమారు 4 యూనిట్లిస్తాయి. నెలకు రెండు వందల యూనిట్లు వాడే మా ఇంటికి 2 కిలోవాట్లు చాలు. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద వీటికి కేంద్రం 60,000 రూపాయలిస్తుంది. 2025లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మరో 30,000 చేర్చింది. మాకు చెప్పిన ధర లక్షా ఇరవై వేలు. అంటే చివరికి మా చేతినుంచి పోయేది ముప్ఫై వేలు. నెలకు ఏడు వందలు ఆదా అయినా నాలుగేళ్లలోపే తీరిపోతుంది. అయితే రాయితీ తరువాత వస్తుంది, సొమ్ము ముందు కట్టాలి. ఈ ఊరి దుమ్ముకు ఫలకాలను తరచు కడుగుతూ ఉండాలి.

రెండవది బ్యాటరీ లెక్క. దీనికి కేంద్రం రాయితీ వర్తించదు. నాన్నగారి యంత్రానికి 350 వాట్లు కావాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో 1,800 వాట్-గంటలుంటాయి. అది త్వరగా పాడవకుండా ఉండాలంటే సగమే వాడుకోవాలి. ఆ సగంతో యంత్రం రెండు గంటలకు పైగా నడుస్తుంది. మా వీధిలో కోతలకు అది చాలు. ఇల్లంతటికీ లిథియం బ్యాటరీ కొనడం మా తాహతుకు మించిన మాట.

మా పొరుగు జిల్లా రాజనాందగావ్‌లో 2024లో ప్రారంభమైన 100 మెగావాట్ల సౌరకేంద్రానికి 120 మెగావాట్-గంటల బ్యాటరీలు అమర్చారు. పగటి ఎండను సాయంత్రానికి దాచుకోవలసిన అవసరం అంత పెద్ద కేంద్రానికీ తప్పలేదు.

ఈ లెక్కలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు. "ముందు ఏది పెడతావమ్మా?"

నేను తడుముకున్నాను. ఆయనే మెల్లగా అన్నారు: "కొలిమి దగ్గర మాకు మొదట నేర్పింది ఖర్చు తగ్గించడం కాదు. ఆగకూడనిది ఏదో గుర్తుపట్టి, దానికి రెండో ఏర్పాటు చేసుకోవడం."

ఆ వారమే ఇన్వర్టరు, బ్యాటరీ వచ్చాయి. ఫలకాలకు దరఖాస్తు తరువాత పెట్టాను. మొన్న రాత్రి వీధంతా చీకటయింది. నేను ఉలిక్కిపడి లేచి చూశాను. యంత్రం మెల్లగా చప్పుడు చేస్తూనే ఉంది. నాన్నగారికి మెలకువే రాలేదు.