దారినపోయే జంటకు దారి చూపుదాం

వానలు పడి వాగులు పారడం మొదలుకాగానే ములుగు జిల్లా రోడ్ల మీద కొత్త ముఖాలు కనిపించడం ఏటా చూస్తున్నదే. వరంగల్, హన్మకొండ, హైదరాబాదు నుంచి ఆలుమగలు మోటారు సైకిళ్ల మీద, కార్లలో తెల్లవారకముందే బయలుదేరి వస్తున్నారు. పాలంపేటలో రామప్ప గుడి చూస్తారు. లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన ఎక్కుతారు. పస్రా, తాడ్వాయి అడవి దాటి, ఏటూరునాగారం దగ్గర ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరి దాటి, వాజేడు మండలంలోని బొగత జలపాతం చేరుకుంటారు. వరంగల్ నుంచి బొగత సుమారు 140 కిలోమీటర్లు. పొద్దు గూకకముందే మళ్లీ అడవి దాటాలన్నది వారి ఆత్రం.

వీరు చూడ వస్తున్నది సామాన్యమైన సంపద కాదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి రామప్ప. ఇసుక నింపిన పునాది మీద నిలిచింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేటంత తేలికైనవి. 2021 జూలై 25న యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. పక్కనే ఉన్న భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లు ఉన్నాయి. రాతి ప్రాకారం లోపల చిన్నా పెద్దా ఇరవైకి పైగా గుళ్లు కొన్ని కూలి, కొన్ని ఒరిగి కనిపిస్తాయి. కాకతీయులు తవ్వించిన చెరువుల కింద నేటికీ వరి పండుతున్నది. ఇవన్నీ మన ఊళ్ల పొలిమేరల్లోనే ఉన్నాయి.

అయితే చూడ వచ్చిన జంట మన గురించి ఏమనుకుని వెళ్తున్నది అనేది ఆలోచించవలసిన విషయం. గుడి ఎంత బాగున్నా, జలపాతం ఎంత ఎత్తు నుంచి దూకినా, దారిలో ఆడమనిషి భయపడితే ఆ ఇంటి వారు మళ్లీ ఇటు రారు. వారి చుట్టాలనూ రానివ్వరు.

జంటగా వెళ్లే వారికి పల్లె దారుల్లో ఎదురయ్యే చిక్కు ఏమిటో అందరికీ తెలుసు. చెట్టు నీడన బండి ఆపి సద్దిమూట విప్పితే చాలు, నలుగురు కుర్రాళ్లు చుట్టూ చేరడం, "మీరిద్దరూ ఏమవుతారు?" అని నిలదీయడం, సెల్‌ఫోన్లలో వీడియోలు తీయడం అక్కడక్కడ జరుగుతున్నదే. మెడలో పుస్తె కనిపించలేదనో, ఆమె ప్యాంటు వేసుకున్నదనో అనుమానపడే హక్కు ఎవరికీ లేదు. దారిన పోయేవారిని అడ్డగించడం చట్టరీత్యా నేరం. బెదిరించి డబ్బు గుంజడం మరింత పెద్ద నేరం. ఊరి పరువు కాపాడుతున్నామనుకునే కుర్రాళ్లు ఆ పరువునే తీస్తున్నారు. ఊరి పెద్దలు, సర్పంచులు, యువజన సంఘాల వారు ఈ విషయాన్ని ముందే చెప్పి పెట్టడం మంచిది.

రెండోది నీటి ప్రమాదం. బొగత దగ్గర ఎండ కాస్తున్నా ఎగువ కొండల్లో వాన పడితే వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. నాచు పట్టిన బండ మీద కాలు జారితే పట్టు దొరకదు. 2023 జూలైలో వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతానికి వెళ్లినవారు పదుల సంఖ్యలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోగా, సహాయక బృందాలు రాత్రంతా శ్రమించి వారిని బయటికి తీసుకురావలసి వచ్చింది. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో పట్నం వారికి తెలియదు, మనకు తెలుసు. "అన్నా, పైన మబ్బు పట్టింది, ఇవాళ పోవద్దు" అని ఒక్క మాట చెప్పడానికి ఖర్చేమీ లేదు. ఆ మాట ఒక ప్రాణం నిలుపుతుంది.

వచ్చేవారికీ బాధ్యత ఉన్నది. సీసాలు పగలగొట్టి వాగులో వేస్తే రేపు ఆ గాజు పెంకు గుచ్చుకునేది పశువు కాలికి, పశులకాపరి కాలికి. రామప్ప శిల్పాల మీద పేర్లు చెక్కడం ప్రేమ అనిపించుకోదు. రక్షిత కట్టడానికి నష్టం కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించేందుకు చట్టంలో వీలున్నది. వరద ఉధృతంగా ఉన్నప్పుడు అటవీ శాఖ వారు వద్దంటే వినాలి.

ఇక అధికారులు చేయవలసినది చాలా ఉన్నది. తెల్లవారుజామున ఇల్లు విడిచిన ఆడమనిషి దారిలో మరుగుదొడ్డి దొరుకుతుందో లేదోనని పొద్దంతా మంచినీళ్లు కూడా తాగకుండా ఉండడం ఎంత బాధాకరం! ములుగు నుంచి వాజేడు దాకా బస్సు ఆగే ప్రతి పెద్ద ఊరిలోను శుభ్రమైన మరుగుదొడ్డి, అందులో నీరు, తలుపుకు గడియ ఉండేలా చూడాలి. తాళం వేసి ఉంచిన మరుగుదొడ్డి ఉన్నా లేనట్టే. మలుపుల దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో దారి బోర్డులు, వాగుల దగ్గర ప్రమాద సూచికలు పెట్టాలి. ఆపదలో చేయవలసిన 112 నంబరును ప్రతి బోర్డు మీద రాయించాలి. అడవిలో ఫోను అందని చోట్ల వానాకాలం సెలవు రోజుల్లో పోలీసు గస్తీ పెంచాలి.

ఈ దారి పట్నం వారికే పరిమితం కాకూడదు. పెళ్లయి ముప్పై ఏళ్లయినా కలిసి రామప్ప గుడి మెట్లెక్కని ఆలుమగలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. మేడారం జాతరకు తప్ప ఇల్లు కదలని ఇల్లాళ్లు ఉన్నారు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. ఇంటాయన టికెట్టు కొంటే చాలు. నాట్లు ముగిసిన తర్వాత ఒక పూట తీరిక చేసుకుని ఇద్దరూ కలిసి వెళ్లి రావడం విలాసమేమీ కాదు. అలా తిరిగి వచ్చినవారికి దారిలో నీళ్లు దొరకని బాధ ఏమిటో, ఎవరో ఎగాదిగా చూస్తే కలిగే ఇబ్బంది ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మల దర్శనానికి వచ్చే లక్షలాది జనానికి నీళ్లిచ్చి, వాకిట్లో చోటిచ్చి, దారి చూపిన ఊళ్లు మనవి. అంత జనానికి చేసిన మర్యాద, మిగతా రోజుల్లో దారి తప్పి మన ఊరి ముందు బండి ఆపిన ఇద్దరు మనుషులకు చేయలేమా? రానున్న వానాకాలానికి ముందే ప్రతి గ్రామసభలోను ఈ విషయం చర్చకు రావడం అవసరం.