గద్వాల చీర – గుత్తబేరము

గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. నూలు చీరకు పట్టంచు, పట్టు కొంగు గల యా నేత పేరు దేశ మెరుగును. నేసినవా డెవ్వడో కొన్నవా రెరుగరు. నూలు, పట్టు, జరీ యిచ్చి, కూలి కట్టి, చీరను గొనిపోవు షావుకారే నడుమ నిలిచినాడు. కొనువారి చిరునామాలు అతని పద్దులలోనే యుండెను.

ఇప్పుడా స్థానమునకు ప్రచార ఏజెన్సీ వచ్చుచున్నది. ప్రచారమును నెలకింతయని గుత్తకిచ్చుటయా, సొంత గుమాస్తాను పెట్టుకొనుటయా యను ప్రశ్న గద్వాల నేత సంఘములకే గాక వనపర్తి, నాగరుకర్నూలు బజారుల చిన్న వర్తకులకును గలదు. జీతము భారమే, కాదనము. ఛాయాచిత్రములు, పండుగ ప్రకటనలు బయటివారి కప్పగింపవచ్చును. కాని వాట్సాపు నంబరును, కొన్నవారి జాబితాయు ఏజెన్సీ పేర నుండనిచ్చినచో, పాత పద్దును కొత్త షావుకారున కిచ్చినట్లే. ఒడంబడిక తెగిననాడు సంఘమునకు మగ్గములు మిగులును, కొనువారు మిగులరు.

అంచు కుట్టినది కాదనియు, మగ్గముమీదనే పేకపోగులతో నూలుచీరకు లంకెపడినదనియు ఫోనులో నడిగిన గృహిణికి తడుముకొనక చెప్పగలవారు మగ్గపుటిండ్లలోని చదువుకొన్న పిల్లలు. వారు కొలువులకై హైదరాబాదు బస్సెక్కుచున్నారు. ఒక సంఘము జీత మీయజాలనిచో మూడు సంఘములు కలిసి యొక్కరిని నియమించుకొనవచ్చును. దసరా బేరములకు ముందే యీ యేర్పాటు జరుగవలెనని సంఘముల పెద్దలకు మా విన్నపము.