ఆ సిస్టరమ్మని అడగనివ్వండి

"మా పిల్లాడికి దెబ్బ ఎలా తగిలిందో ఆవిడకెందుకు?" అని నర్సుల మీద విరుచుకుపడే తల్లులని ఆస్పత్రుల్లో చూస్తూనే ఉన్నాను. నాకు మాత్రం అడిగే నర్సంటేనే గౌరవం.

డాక్టరుగారు రెండు నిమిషాలు చూసి మందులు రాస్తారు. చొక్కా విప్పి కట్టు కట్టేది, ఇంజక్షన్ చేసేది, రాత్రంతా మంచం దగ్గరికి వచ్చిపోయేది నర్సే. ఆడుకునే పిల్లలకి మోకాళ్ళ మీద, నుదుటి మీద దెబ్బలు మామూలే. మరి చెవి మీద, మెడ మీద, వీపు మీద కమిలితే? ఇంకా పాకడమే రాని పసివాడి ఒంటి మీద కమిలిన మచ్చ కనిపిస్తే? మంచం మీంచి పడ్డాడని తల్లి, మెట్ల మీంచి పడ్డాడని నాన్నమ్మ చెబితే? అప్పుడూ నోరు మూసుకునే నర్సేనా మనకి కావలసింది?

"అనుమానం తప్పయితే మా పరువేం కావాలి?" అంటారు. కొన్ని రక్తపు జబ్బుల్లోనూ ఒళ్ళు కములుతుంది. అడిగితేనే కదా అదీ బయటపడేది! నర్సు తీర్పు చెప్పక్కర్లేదు. పిల్లని పక్కకి తీసుకెళ్ళి మెల్లగా అడగాలి, మాటలు అందించకూడదు, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి, పైవాళ్ళకి తెలియజేయాలి. నిజం తేల్చడానికి వేరే వాళ్ళున్నారు.

ఇక లైంగిక హింస సంగతైతే ఇష్టాయిష్టాల ప్రసక్తే లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళకి అదే చట్టం రక్షణ ఇస్తోంది. అయినా "మనకెందుకమ్మా, పేషెంట్లు పోతారు" అని నర్సు నోరు నొక్కే యాజమాన్యాలున్నాయి. "ఇంటి గుట్టు" అంటూ వాళ్ళకి వంత పాడేది మనమే. ఆ గుట్టు కాపాడేది పిల్లనా, పిల్లని హింసించేవాడినా?

పిల్ల ఒంటి మీద వాతలు చూసి పక్కింటివాళ్ళు ఊరుకోవచ్చు, బంధువులు సర్దిచెప్పవచ్చు. బయటి మనిషి ఒకరు ఆ ఒంటిని దగ్గరగా చూసేది ఆస్పత్రిలోనే. అక్కడా అడిగేవాళ్ళు లేకపోతే ఆ పిల్ల మళ్ళీ అదే ఇంటికి, అదే చేతుల్లోకి వెళుతుంది.

అందుకే, ఈసారి మీ పిల్లాడి దెబ్బ గురించి సిస్టరమ్మ అడిగితే చిన్నబుచ్చుకోకండి, ఉన్నదున్నట్టు చెప్పండి. పక్క మంచం పిల్ల గురించి అడుగుతుంటే ఆవిడకి అడ్డు రాకండి. మీకే అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయండి.