బాంబు పడని ఊళ్లలో యుద్ధం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బందరు జోలికి రాలేదు. దాంతో రెండో ప్రపంచ యుద్ధం కృష్ణా డెల్టా పిల్లలకు పెద్దలు చెప్పుకునే పుకార్ల దగ్గరే ఆగిందనుకుంటాం. బాంబుల లెక్క పక్కనపెట్టి సరుకుల లెక్క చూస్తే అలా అనిపించదు. మన దీపాల్లో పోసుకునే కిరోసిన్‌లో చాలా భాగం బర్మా నుంచే వచ్చేది. జపాన్ చేతికి చిక్కకూడదని రంగూను పక్కనున్న సిరియం రిఫైనరీని మార్చి 7న బ్రిటిష్‌వాళ్లే పేల్చేశారు. మర్నాడు రంగూను పడిపోయింది. అప్పటికి దివిసీమ పల్లెలకు కరెంటు లేదు. సీసాలో అడుగంటిన నూనెతో ఉన్న ఒక్క బుడ్డి వంటింట్లో వెలగాలా, పిల్లాడి ఎక్కాల ముందు వెలగాలా అంటే ఏ ఇంట్లోనైనా గెలిచేది వంటే. ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఇది యుద్ధనష్టం కింద కనపడదు.

ధాన్యం ధర పెరిగి డెల్టా బాగుపడింది కదా అంటారు. నిజమే. 1930ల మాంద్యంలో కుదేలైన రైతు యుద్ధకాలంలో తేరుకున్నాడు. పిల్లల్ని గుడివాడ, బందరు చదువులకు పంపే స్తోమత కొన్ని ఇళ్లకు అప్పుడే వచ్చి ఉంటుంది. కానీ ఆ లాభం అమ్మడానికి గింజలున్నవాడిది. కూలి గింజల రూపంలో అందుకునే పాలేరుకు ధరల దెబ్బ కొంత తప్పినా, బియ్యం కొనుక్కు తినే పల్లెకారుకూ పెడన సాలెవాడికీ ఆ ధరే శాపం. అందులోనూ సాలెవాడికి నూలు కూడా కరువైంది. మగ్గం ఇంట్లో కండెలు చుట్టేది పిల్లలే. నూలు రాకపోతే వాళ్ల చేతులకు తీరిక దొరుకుతుంది, కడుపుకు కూడు దొరకదు.

1943 బెంగాల్ కరువులో సుమారు ముప్ఫై లక్షల మంది పోయారు, దాని ముందు ఇదేపాటి అనవచ్చు. ఆ చావులతో దీన్ని తూచమని ఎవరూ అడగడం లేదు. బెంగాల్ గడ్డు సంగతి చెప్పినంత మాత్రాన పెడన పిల్లల ఆకలి తీరదు. పైగా సరుకుల మీద సర్కారు పెట్టిన కంట్రోళ్లు యుద్ధంతో పోలేదు. 1943లో బట్టకూ నూలుకూ వచ్చిన కంట్రోలు, 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయాక కూడా రెండేళ్లకు పైగా నడిచింది. 1948 మొదట్లో ఎత్తేసి, ధరలు ఎగబాకగానే ఆ ఏడే మళ్లీ పెట్టారు. చరిత్ర పుస్తకంలో ముగిసిన యుద్ధం, లాగు చిరిగితే కొత్తది కుట్టించలేని ఇంట్లో అప్పటికీ నడుస్తూనే ఉంది.