జిల్లాకి ఇద్దరంటే ఇద్దరే!

మాది ఆళ్లగడ్డ. నేను కోడింగ్‌లో పడ్డా, మా చిన్నాన్న కూతురు ఎంఎస్‌డబ్ల్యూ చేసింది. "అన్నా, మన దగ్గరే జాబ్ దొరుకుతుందా?" అని మొన్న వాట్సాప్‌లో అడిగింది.

వెతికా. 2022లో నంద్యాల జిల్లా అయ్యాక కొత్త ఆఫీసులొచ్చాయి, నిజమే. కానీ మిషన్ వాత్సల్య లెక్క ప్రకారం బాలల సంరక్షణ యూనిట్‌లో సోషల్ వర్కర్లు జిల్లా మొత్తానికి ఇద్దరే. జీతం 18,536 రూపాయలు, అదీ కాంట్రాక్టు మీద. సీడ్ పత్తి చేలల్లో పిల్లలు, పదో తరగతి కాకుండానే పెళ్లిళ్లు... పనికేం, బోలెడుంది!

వన్ స్టాప్ సెంటర్, ఎన్జీవోలు కూడా చూడు, జిల్లా వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్లు గమనిస్తుండు అని చెప్పా.

"సరే గానీ, రోజూ నంద్యాలకి బస్సుకే ఎంత పోతుందన్నా?" అంది.

లెక్కేశా. పంపలేదింకా.